అద్దాలు తీసేద్దామని వెళ్లిన రెండు రోజులు

గోదావరిఖని చౌరస్తాలో ఉదయం అయిదున్నరకు ఆటో ఎక్కాం, నేనూ మా ఆడబిడ్డ మౌనికా. ఆరుంబావుకల్లా రామగుండం స్టేషన్లో ఉన్నాం. బండికి ఇంకా ముప్పావుగంట టైముంది. మౌనిక బెంచీ మీద కూర్చోలేదు. ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంది.

మౌనికకు ఇరవై మూడేళ్లు. రెండేళ్లుగా పోలీసు ఉద్యోగం కోసం తయారవుతోంది. రోజూ తెల్లవారకముందే లేచి కాలనీ గ్రౌండులో పరుగెడుతుంది. పరుగులో దానికి తిరుగులేదు. భయమల్లా కంటి పరీక్ష గురించే. అద్దాలు లేకుండా దూరపు అక్షరాలు కనపడాలని ఎవరో చెప్పారు. దానికేమో ఏడో తరగతి నుంచే అద్దాలు. గ్రౌండులో కలిసి పరుగెత్తే ఒక అమ్మాయి కళ్లకు లేజర్ చేయించుకుని, అద్దాలు తీసేసి వచ్చి, "పది నిమిషాల పని, ఏం కాదు" అన్నప్పటి నుంచి ఇంట్లో అదే పాట.

మా ఆయన శ్రీధర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. ఆయనకు సెలవు దొరకలేదు. "నువ్వు తోలుకపో సరితా. నీకు గూడ పవర్ ఉన్నది గదా, నువ్వూ చూపెట్టుకోని రా" అన్నాడు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. రెండు రోజులు సెలవు పెట్టాను. అద్దాలు లేకుండా బోర్డు ముందు నిలబడాలని నాకూ ఎప్పటి నుంచో ఉంది. ముప్పై నాలుగేళ్లు వచ్చాక ఆ మాట అంటే సోకు అనుకుంటారని ఎవరితోనూ అనలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సంగతి ఇక్కడే చెబుతాను. ముందుగా ఆసుపత్రికి ఫోన్ చేయండి. మేం సికింద్రాబాదులోని కంటి ఆసుపత్రికి చేసినప్పుడు వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, కాంటాక్టు లెన్సులు వాడుతున్నారా అని. మౌనిక ఫొటోల కోసమూ పెళ్లిళ్లకూ మెత్తటి లెన్సులు పెట్టుకుంటుంది. రెండు వారాలు ఆపి రమ్మన్నారు. లెన్సు కింద కంటి ఆకారం కొద్దిగా మారుతుందట, ఆ కొలతలతో పరీక్ష చేస్తే తప్పు వస్తుందట. గట్టి లెన్సులైతే ఇంకా ఎక్కువ రోజులు ఆపాలి. పాత అద్దాల చీటీలు కూడా తెమ్మన్నారు. నావి దొరికాయి. మౌనిక తనవి పోయాయంది.

బండి ఏడు దాటాక వచ్చింది. పెద్దపల్లిలో మా ఎదుటి సీట్లోకి యాభై దాటిన ఒకామె వచ్చి కూర్చుంది. పేరు ఫాతిమా అని, కాజీపేటలో కూతురి దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది. మా ప్రయాణం సంగతి విని నవ్వింది.

"మా చిన్నోడు చేయించుకున్నడు బేటా. ఖుషీగ ఉన్నడు. గని ఏడాదాయె, రాత్రిపూట ఎదురొచ్చే లైట్ల చుట్టు గుండ్రంగ వెలుగు కనపడ్తదంటడు. కండ్లు ఎండుతయంట, చుక్కలు జేబుల్నే పెట్టుకుంటడు."

"అలవాటైతది తియ్ అమ్మా" అంది మౌనిక.

"అయితదో కాదో డాక్టర్‌ని అడుగు. అన్ని అడుగు. సిగ్గుపడకు" అందామె. మౌనిక కిటికీలోంచి జమ్మికుంట పత్తి మిల్లులు చూస్తూ ఉండిపోయింది.

సికింద్రాబాదులో దిగేసరికి పదకొండున్నర. ఆటోలో ఆసుపత్రికి వెళ్లి, ఇద్దరి పేర్లూ రాయించి, పన్నెండింటికి లోపలికి వెళ్లాం. ఇది ఒక గదిలో తేలే పరీక్ష కాదు. ఒకచోట పవర్ చూస్తారు. ఒకచోట కనురెప్ప కింద సన్నటి కాగితం ముక్క పెట్టి కన్నీళ్లు ఎంత ఊరుతున్నాయో చూస్తారు. ఒక యంత్రం కంటి ముందున్న పొర ఎంత మందమో కొలుస్తుంది, ఆ పొర ఎత్తుపల్లాలను రంగుల పటంగా గీసి ఇస్తుంది. చివరగా చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకున్నాక కంటి వెనుక భాగం చూస్తారు. ఆ చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు కనపడవు, వెలుతురు గుచ్చుకుంటుంది. ఒంటరిగా వెళ్లకండి. నల్లద్దాలు ఉంటే పెట్టుకెళ్లండి.

పవర్ చూసే గదిలో నేను మౌనిక వెనకే నిలబడ్డాను. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చదవమంటే, అంతకుముందు కుడి కంటితో చదివిన వరుసలనే గడగడా చదివేసింది. నాకు అనుమానం వచ్చింది. ఎక్కం అర్థం కాకుండా బట్టీ పట్టిన పిల్లలు అలాగే అప్పజెబుతారు. చదివించే అమ్మాయికీ అనిపించిందేమో, మీట నొక్కి అక్షరాలు మార్చింది. మౌనిక ఆగిపోయింది. మొదటి వరుస తర్వాత ఒక్కటీ చెప్పలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పిలుపు వచ్చేసరికి మూడున్నర. ఆవిడ మా పటాలను తెర మీద పక్కపక్కన పెట్టింది. నా కళ్ల పటాలు రెండూ ఆకుపచ్చగా, నిండుగా ఉన్నాయి. మౌనిక ఎడమ కంటి పటంలో కింది భాగం ఎర్రగా ఉంది.

"కళ్లు నలుపుకుంటావా అమ్మా?"

"దురద పెడ్తది మేడం. మా దగ్గర బొగ్గు దుమ్ము మస్తుంటది."

"ఈమధ్య అద్దాల పవర్ ఎన్నిసార్లు మారింది?"

మౌనిక నా వైపు చూడలేదు. "రెండేండ్లల్ల మూడుసార్లు" అంది.

డాక్టరమ్మ తొందరపడకుండా చెప్పింది. "లేజర్ అంటే కంటి ముందున్న ఈ పారదర్శకమైన పొరను కొద్దిగా చెక్కి ఆకారం మార్చడం. నీ ఎడమ కంటిలో ఆ పొర పలచబడి, కింది వైపు ముందుకు ఉబ్బుతోంది. దీన్ని కెరటోకోనస్ అంటారు. మొదటి దశలోనే ఉంది. ఇలాంటి కంటిని చెక్కితే ఇంకా ఉబ్బుతుంది. అప్పుడు అద్దాలు పెట్టినా సరిగ్గా కనపడదు."

"ఇప్పుడు గాకుంటే మళ్లొచ్చే ఏడు చేయొచ్చా మేడం?"

"ఇది ఏడాది ఆగితే పోయేది కాదమ్మా. పవర్ కోసం లేజర్ నీకు వద్దు. కుడి కంటిక్కూడా వద్దు."

మూడు నెలలకు మళ్లీ వచ్చి పటం తీయించుకోవాలని, ఉబ్బు పెరుగుతుంటే విటమిన్ చుక్కలు వేసి ఒక రకం కాంతి చూపించి పొరను గట్టిపరుస్తారని చెప్పింది. దానితో పోయిన చూపు రాదు, ఉన్నది నిలుస్తుంది. అన్నిటికంటే ముందు కళ్లు నలపడం ఈ రోజుతో మానేయాలి, దురదకు చుక్కలు వాడాలి.

తర్వాత నా కాగితం చేతిలోకి తీసుకుంది. "మీకు చేయొచ్చు. పొర మందంగా ఉంది, నాలుగేళ్లుగా పవర్ మారలేదు."

నాకు సంతోషం కలిగింది. అబద్ధం చెప్పను. పక్కనే ఆ పిల్ల తలవంచుకుని కూర్చుని ఉండగా కలిగింది. వెంటనే ముఖం వేడెక్కింది. అయినా అడగాల్సినవి అడిగాను. లేజర్‌లో రకాలున్నాయి. పొరను మూతలా తెరిచి చేసేది ఒకటి, చిన్న కోత నుంచి చేసేది ఒకటి, పైపైన చేసేది ఒకటి. ఈ చివరిదానికి మూడు నాలుగు రోజులు నొప్పి ఎక్కువ. ఎవరికి ఏది అన్నది వాళ్ల కంటిని బట్టే. నలభై దాటాక చదవడానికి అద్దాలు రాకుండా లేజర్ ఆపలేదు. కొన్ని నెలలు కళ్లు పొడిబారతాయి, రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనపడవచ్చు, కొందరికి అవి మిగిలిపోతాయి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఆగాలి. చేయించుకున్నాక కొన్ని వారాలు దుమ్ములోకి వెళ్లకూడదు. "మాది గోదావరిఖని మేడం" అన్నాను. ఆవిడ నవ్వి, "సెలవులు చూసుకుని రండి" అంది.

స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. అయిదున్నర అయింది. నాకు ఫోన్ మీద అంకెలు కూడా కనపడటం లేదు. మౌనిక మంచం అంచున కూర్చుని చెప్పింది.

"వదినా, ఇంకో దవాఖానల గూడ పేరు రాయించిన. ఫోన్ల యాడ్ చూసి అడ్వాన్సు గూడ కట్టిన. రేపు పొద్దుగాల రమ్మన్నరు. రేపే చేస్తరంట."

"ఇవ్వాళ మేడం చెప్పింది ఇనలేదా?"

"ఇన్న. అందుకే, అక్కడ ఈ కాగితం చూపెట్టకు. అన్నకు గూడ చెప్పకు."

కోపం వచ్చింది. "కన్ను పోతే పోలీసు నౌకరీ ఇస్తరా నీకు?" అన్నాను.

"నువ్వైతే చేయించుకోవచ్చు" అంది, గోడ వైపు చూస్తూ. "నీకేం అవసరముండె చెప్పు?"

కిందికి వెళ్లి రెండు ఇడ్లీ పొట్లాలు తెచ్చాను. అది తినలేదు. ఆ రాత్రి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. వద్దని లాక్కొచ్చేస్తే, ఇంకో నెలకు ఒక్కతే వస్తుంది.

పొద్దున లేవగానే చెప్పాను. "పోదాం. ఇంకో డాక్టర్ గూడ చూస్తే మంచిదే. గని కాగితం నేనే చూపెడ్త. దానికి ఒప్పుకుంటేనే."

దువ్వెన సంచీలో పెట్టి, "సరే" అంది.

తొమ్మిదిన్నరకు ఆ రెండో చోటికి చేరాం. కౌంటరులో అమ్మాయి హుషారుగా పలకరించింది. "ఈరోజు పదకొండింటికి ఖాళీ ఉంది. ముందు ఇక్కడ సంతకం పెట్టేయండి, పరీక్షలు పక్కనే అయిపోతాయి" అని అంగీకార పత్రం ముందుకు జరిపింది. మౌనిక పెన్ను అందుకుంది. నేను నిన్నటి పటాన్ని తీసి ఆ పత్రం మీద పరిచాను.

"ముందు డాక్టర్ గారు ఇది చూడాలె. తర్వాతనే సంతకం."

డాక్టరు చిన్నవాడు, నా వయసే ఉంటుంది. పటం చూసి, మౌనికను లోపలికి తీసుకెళ్లి తనే మళ్లీ రెండు కళ్లకూ పటం తీశాడు. అర్ధగంట పట్టింది. బయటికి వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు.

"నేనూ చేయనమ్మా. ఎవరైనా చేస్తామన్నా ఒప్పుకోకు."

మౌనిక కళ్లు నిండాయి. "పోలీసు కావాలనుకున్న సార్."

"నోటిఫికేషన్‌లో కంటి గురించి ఏం రాశారో పూర్తిగా చదివావా? కొన్ని యూనిఫాం ఉద్యోగాల్లో లేజర్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు కూడా. ముందు అది చదవాలి. ఏ పోస్టుకు ఏ చూపు కావాలో చూసుకో."

చదవలేదు. అదీ చదవలేదు, నేనూ చదవలేదు. ఆర్నెల్లుగా ఇంట్లో దీని గురించి మాట్లాడుకున్నాం గానీ, ముగ్గురిలో ఒక్కరమూ ఆ కాగితం తెరవలేదు. ఆయన ఫీజు తీసుకోలేదు. ముందు కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేయమని కౌంటరుకు తనే చెప్పాడు.

మధ్యాహ్నం మూడు గంటల తర్వాత తిరుగు బండి దొరికింది. జనగామ దాటాక మౌనిక కోసం సమోసాలు కొంటే ఒకటి తింది. అది తిన్నాక మెల్లగా అంది.

"చీటీలు పోలేదు వదినా. ఇంట్లనే ఉన్నయి. ఎడమ కంటికి ఆర్నెల్ల సంది అక్షరాలకు నీడ పడ్తున్నది, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు. లేజర్ అయితే అది గూడ పోతదనుకున్న."

"నాకన్నా చెప్పేదుండె గదా."

"చెప్తే మీరు రానియ్యరని."

నిన్న లాడ్జిలో అన్నదానికి బాధపడొద్దంది. నాకు చేయించుకోవాలనే ఉందని, అవసరం ఏమీ లేదని, అయినా ఉందని నేనూ చెప్పాను. "చేయించుకో. నేనే తోలుకపోత" అంది. దసరా సెలవులు చూసుకోవాలనుకున్నాను, దుమ్ముకు దూరంగా మా అమ్మ వాళ్ల ఊళ్లో ఉండవచ్చు. దానికంటే ముందు మూడు నెలలకు మౌనిక కంటి పటం తీయించాలి.

కాజీపేటలో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. నేను ఫోన్ మౌనిక చేతికిచ్చాను. "అన్నా, నాకు లేజర్ చెయ్యరంట. కంట్ల చిన్న తక్లీఫ్ ఉన్నది. ఫికర్ చెయ్యకు, ఇంటికచ్చినంక అన్ని చెప్త" అంది. నిన్న అన్నకు చెప్పొద్దన్న మాటను తనే చెప్పింది.

జమ్మికుంటలో ఒక పెద్దాయన, ఇంటర్ చదివే కూతురితో ఎక్కాడు. మంచిర్యాల వెళ్తున్నారు. మా ఒళ్లోని ఆసుపత్రి ఫైళ్లు చూసి అడిగాడు.

"కండ్ల దవాఖానకు పోయొస్తున్నరా బిడ్డా? మా పిల్లకు గూడ లేజర్ చేయిద్దామనుకుంటున్నం. మంచిగనే చేస్తరా?"

నేను నోరు తెరిచేలోపే మౌనిక అందుకుంది.

"పద్దెనిమిది నిండాలె కాకా. పవర్ ఒక ఏడాదన్న మారకుండ ఉండాలె. ముందు కంటి పటం తియ్యమనున్రి. పాత చీటీలన్ని పట్టుకపోన్రి, ఒక్కటి గూడ దాచకున్రి. నాకైతే చెయ్యలేమన్నరు."

చెయ్యలేమన్నరన్న మాట బయటివాళ్ల ముందు అనడం దానికి అదే మొదటిసారి. ఆ అమ్మాయి మౌనిక అద్దాల వైపు చూసింది, జాలి పడాలో వద్దో తెలియనట్టుగా.

ఈ రెండు రోజుల్లో నాకు అర్థమైంది ఇంతే. పని పది నిమిషాలదే కావచ్చు, దానికి ముందున్న పరీక్షలే అసలు సంగతి. వాటికి తీరిగ్గా సమయం ఇచ్చి, అవసరమైతే వద్దని చెప్పే డాక్టరు దొరికితే ప్రయాణం వృథా కాలేదనుకోండి. మాకు ఇద్దరు దొరికారు. అయితే కంటికి ఏం కనపడుతోందో కన్నున్న మనిషి దాచకుండా చెప్పాలి. ఆ పని ఏ యంత్రమూ పూర్తిగా చేయలేదు.

పెద్దపల్లి దాటాక పొద్దు కుంకింది. దూరంగా రామగుండం విద్యుత్ కేంద్రం చిమ్నీల మీద ఎర్ర లైట్లు వెలిగాయి. మౌనిక ఆ అమ్మాయిని కిటికీ దగ్గరికి పిలిచింది.

"ఒక కన్ను చేత్తోటి మూసుకో. ఒత్తకు, ఉత్తగ మూసుకో. ఆ మీది లైటు ఒక్కటే కనపడ్తుందా, నీడ గిట్ల ఉన్నదా?"

అమ్మాయి అద్దాలు సర్దుకుని ఒక కంటితో చూసింది. తర్వాత రెండో కంటితో చూసింది.

"ఒక్కటే అక్కా. రెండు కండ్లకు ఒక్కతీరుగనే ఉన్నది."

"మంచిది" అంది మౌనిక. "గని డాక్టర్‌తోటి గూడ చూపెట్టుకో."

బండి నెమ్మదించింది. మౌనిక పైనున్న మా సంచీ దించి భుజానికి తగిలించుకుని, నాకంటే ముందు తలుపు వైపు నడిచింది.