గోమార్లు ఏరిన అవ్వ

మనవరాలు కుక్కకు కానుగ నూనె రాస్తుంటే, ఆ వాసనకు జఫర్‌గఢ్ దగ్గరి మా ఇంటి వాకిలి గుర్తొచ్చింది.

సంఘంలో చేరిన బాపు ఇంటికి రాని రోజులవి. రజాకార్లు ఊళ్లోకి వచ్చినప్పుడల్లా అవ్వ, అంటే మా అమ్మ, మా నల్లకుక్కను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నూనె రాసి గోమార్లు ఏరేది. అది గింజుకునేది. నాకు ఒళ్లు మండేది.

"నా తల నిండ పేన్లున్నయి, సూస్తవా? నాకంటె కుక్కనే ఎక్కువనా నీకు?" అని ఓసారి ఏడ్చాను.

"జర ఆగు బిడ్డా, వాళ్లను పోనియ్యి," అంది అవ్వ, కుక్క మెడ వదలకుండా.

వాళ్లు ఊరు దాటాకే వదిలింది. కుక్క తోక ఊపుకుంటూ ఇంటి వెనక జొన్నచేలోకి దూరింది.

ఆ చేలో బాపు ఉన్నాడని మా ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే.