బెల్టుకు మూత

మా దుకాణంలో అన్నీ అమ్ముడుపోతాయి, మూతలు తప్ప. జహీరాబాద్‌లో హైవే పక్కన ట్రాక్టర్లకూ, కందులు పట్టే మిషన్లకూ కావలసిన బెల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు అమ్ముకుని బతుకుతున్నాం నేనూ మా ఆయనా. కోహీర్ నుంచి, రాయికోడ్ నుంచి రైతులు వస్తారు. బెల్టు చేతిలోకి తీసుకుని వంచి చూస్తారు, సాగదీసి చూస్తారు, పక్క దుకాణంలో ఇంకా మంచిది ఉందని నన్ను దబాయిస్తారు. అంతా అయ్యాక, "తిరిగే బెల్టు బయటికి కనబడొద్దు, దాని మీద వేసే రేకు మూత కూడా తీసుకోండి" అంటే మాత్రం నవ్వుతారు.

"గదేమన్న కొత్త పెండ్లికూతురా అమ్మా, ముసుగెయ్యనీకి?"

కొత్త మిషన్‌తో పాటు మూత కూడా వస్తుంది. గ్రీజు పెట్టాలన్నా, బెల్టు బిగించాలన్నా అడ్డమని మొదటివారమే ఊడబీకి పారేస్తారు. మా అక్క మొగుడు, మా బావ, పారేయలేదు, పొదుపరి కదా. మిషన్ కొన్న రోజే దాని మూత విప్పి కోళ్ల గూటి మీద కప్పాడు. కోళ్లకు చేసిన ఆ మేలు ఇంట్లో ఆడవాళ్లకు చేయాలని ఆయనకు తోచలేదు.

మా అక్కను ఇచ్చింది కోహీర్ దగ్గర ఒక పల్లెకు. కంది కోతలయ్యాక మా బావ ట్రాక్టర్‌కు మిషన్ తగిలించి ముందు తన కంది నూర్చి రాశి చేసుకుంటాడు, తర్వాత చుట్టుపక్కల వాళ్ల కందులు పడతాడు. కందికట్టె మిషన్‌లో పడితే లేచే దుమ్ము ఒంటికి అంటిందంటే రాత్రంతా గోక్కోవడమే. అందుకని మా వైపు ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుంటారు. ఆ చొక్కా బాగున్నంత కాలం మొగుడి ఒంటి మీద ఉంటుంది. మణికట్టు దగ్గర గుండీలు ఊడిపోయి, చేతులు వేలాడబడ్డాక పెళ్లానికి వస్తుంది. మా అక్కకూ అట్లాగే వచ్చింది.

పోయినేడు రాశి రోజున బెల్టు పక్కన కందులు చిందిపోతుంటే అక్క వాటిని చేత్తో ఇవతలికి ఊడుస్తోంది. మిషన్ ఆపి ఊడవొచ్చు. కానీ మా ఊళ్లల్లో గింజల కోసం మిషన్ ఆపిన ఆడదాన్ని చూసి మగవాళ్లు నవ్వుతారు, ఆపకుండా గింజలు వదిలేస్తే మొగుడు తిడతాడు. తిట్లకు భయపడి మా అక్క చెయ్యి పెట్టింది. వేలాడుతున్న చొక్కా చెయ్యిని బెల్టు పట్టుకుంది. ట్రాక్టర్ మీదున్న మా బావ దిగి ఇంజన్ ఆపేలోపే చెయ్యి బెల్టుకూ చక్రానికీ మధ్య నలిగిపోయింది. బెల్టు కూడా తెగింది. దవాఖానలో డాక్టర్లు అక్క కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

చూడటానికి వచ్చినవాళ్లు యాపిల్ పండ్లతో పాటు మాటలు కూడా తెచ్చారు. "చొక్కా ఆయనది గద, ఆయన మీదికి రావాల్సింది ఆమె మీదికి పోయింది. అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలు నిలిచినయి" అని మంచం పక్కనే నిలబడి ఓదార్చారు. మా బావ ఆ మాట విని తల ఊపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అట్లయితే ఇంకో చొక్కా కూడ ఇయ్యి బావా, ఇంకో చెయ్యి ఉన్నది" అన్నాను.

"ఏసుకునేటప్పుడు చేతులు మడుచుకోవాలె గద మరదలా. గంత తెల్వదా మీ అక్కకు?" అన్నాడాయన. అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

ఊళ్లో పెద్దమనుషులు ఆలోచించి అసలు కారణం కనుక్కున్నారు. మిషన్ కొన్నప్పుడు యాటను కొయ్యలేదట. మిషన్ రక్తం కోరిందట. ఇంకేముంది, దసరాకు ట్రాక్టర్, మిషన్ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి యాటను కోశారు. నెత్తురు వేలితో తీసి బెల్టు తిరిగే చక్రానికి కూడా అద్దాడు మా బావ. మూత ఉండవలసిన చోట ఆ బొట్టు ఎర్రగా కనబడుతోంది. దావత్‌కు వచ్చిన అందరి ముందూ చేతులు దులుపుకుని, "ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

"యాటను కోస్తివి సరే బావా, మూత ఎప్పుడు పెడ్తవు?" అని అడిగాను.

"దుకాణం ముచ్చట దుకాణంల పెట్టు మరదలా. పండుగనాడు కూడ సామాన్లు అమ్ముతున్నవా?"

అందరూ విరగబడి నవ్వారు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. నేను లేచినందుకు మా ఆయనకు కోపం వచ్చింది, కూర బాగుందట.

ఈ యేడు కందులు చేతికొచ్చే ముందు అక్క ఒక్కతే బస్సెక్కి దుకాణానికి వచ్చింది. కొంగు కుడిచేతి మీద కప్పుకుని స్టూలు మీద కూర్చుంది. చాయ్ తెప్పిస్తే ఎడమచేత్తో తాగింది. ఎండాకాలంలో కొడుకు పెళ్లి చేశారు. రాశి రోజున అక్క నిలబడిన చోట ఇప్పుడు కొత్త కోడలు నిలబడాలి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నిర్ణయించలేదు, అక్కకు చెయ్యి లేదు కాబట్టి ఎవరూ అడగనూ లేదు.

"గా పోరి చేతులు పోవద్దు చెల్లె. నాకు ఇంకేం వద్దు" అంది.

"వస్త, నడువు. ఊరి నడుమ నిలబడి కడిగేస్త ఆయనను. నీ చెయ్యి సూపెట్టి అడుగుత" అన్నాను.

"నా చెయ్యి పేరు తియ్యకు" అంది అక్క. "తీసినవంటే ఆయన తప్పు జేసిండని అన్నట్టయితది. ఇగ సచ్చినా పెట్టడు. బెల్టు ముచ్చట జెప్పు."

"బెల్టు ముచ్చటేంది?"

"పోయినేడు బెల్టు తెగింది గద. కొత్తది తెచ్చేసరికి రాశి ఆగిపాయె, మీదికెల్లి మబ్బు పట్టె. ఆయనకు గదే యాదికున్నది. ఇప్పటికి కూడ అన్నం తినుకుంట గదే అంటడు."

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే ముందు తిట్టు వచ్చింది, నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క అంతా విన్నది. "అయిపోయిందా? మూత కొలత సరిగ్గ జూసి తియ్యి" అంది.

కోళ్ల గూటి మీది మూత ఎప్పుడో తుప్పుపట్టిపోయింది, మరునాడు కొత్తది ఆటోలో వేసుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. మా బావ మిషన్‌కు గ్రీజు పెడుతున్నాడు. పళ్లు బిగబట్టి, దుకాణంలో మాట్లాడినట్టే మాట్లాడాను. దుమ్ము పడి బెల్టు తొందరగా అరుగుతుందని చెప్పాను. కట్టె ముక్కో మరేదో అడ్డం పడితే తెగుతుందని చెప్పాను. ఆ మరేదో ఏమిటో చెప్పలేదు. మూత ఉంటే బెల్టు ఎక్కువ కాలం వస్తుంది, రాశి నడుమ ఆగదు అన్నాను.

ఆయన మూత అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది ముందే జెప్పద్దా మరదలా? ఎప్పుడు జూసినా కొట్లాడుడే నీకు" అన్నాడు. వెంటనే పానా తీశాడు.

ట్రాక్టర్ తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. మూత బెల్టు మీద ఆనించి పట్టుకున్నాడు. బోల్టులు అక్క ఎడమ అరచేతిలో ఉన్నాయి, ఒక్కొక్కటే ఆమె చేతిలోంచి తీసుకుని బిగించాడు. కోడలు పక్కన నిలబడి చూస్తోంది.

"సూడు బిడ్డా" అని కోడలికి చెప్పాడు. "మిషన్ బంద్ జేసి, చెవి తీసినంకనే మూత ఇప్పాలె. నడుస్తుంటే దగ్గరికి రావద్దు. చెయ్యి అసలే పెట్టద్దు."

ఎంతైనా మనిషే కదా అనిపించింది నాకు, ఒక్క క్షణం.

"పోయినేడు మీ అత్త చెయ్యి అడ్డం వడబట్టే బెల్టు కరాబయింది" అన్నాడు.

కోడలు అక్క ముఖం చూసింది. నేను చూడలేకపోయాను.

"ఇంకోటున్నది" అంది అక్క, అరచెయ్యి ముందుకు చాపి. "గిది గట్టిగ బిగించు."

ఆయన తీసుకుని బిగించాడు.