బెట్టకు వదిలిన చీనీతోట

మొన్న జమ్మలమడుగు నుంచి పులివెందులకు బస్సులో వస్తుంటే, తొండూరు దగ్గర రోడ్డు పక్కన ఒక చీనీతోట, అదే బత్తాయి తోట, కనిపించింది. ఆకులన్నీ ముడుచుకుపోయి, చెట్లు నీరసంగా నిలబడి ఉన్నాయి. పక్క సీట్లోని కాలేజీ పిల్ల కిటికీలోంచి చూసి, "అయ్యో, నీళ్లు పెట్టేవాళ్లే లేరేమో పాపం" అంది. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఆ మాటే అన్నాను. అనడంతో ఆగి ఉంటే బాగుండేది.

నేను ప్రొద్దుటూరు పిల్లను. కొళాయి తిప్పితే నీళ్లొస్తాయని తప్ప ఇంకేమీ తెలియకుండా, పులివెందుల పక్క పల్లెలో చీనీతోట ఉన్న ఇంటికి కోడలిగా వచ్చాను. మామ పోయాక తోటను మా అత్తే చూసుకునేది. చాలా తక్కువ మాట్లాడే మనిషి. చర్చిలో ఆమె ప్రార్థన చేసిందని కూడా చివర్న "ఆమెన్" వినబడితేనే తెలిసేది. నేను అలా కాదు. పెళ్లై ఆరేళ్లైనా బిడ్డ లేదు. ఆ ఒక్క కోరికకు నేను దేవుడికి గడువులు పెట్టేదాన్ని. ఈస్టర్ లోపల, పోనీ కోత పండుగ లోపల, అదీ కాకపోతే క్రిస్మస్‌కు. సంఘంలో ఒక పెద్దమ్మ "ప్రభువా, ఈ పాప ఒడి నింపు తండ్రీ" అని ఎంత గట్టిగా ప్రార్థించేదంటే, బయట ఆటో దిగేవాళ్లు కూడా తొంగి చూసేవారు. పోనుపోను నాకు ప్రార్థన మీదే విసుగొచ్చింది. దేవుడు నన్ను మరిచిపోయాడనే నమ్మాను.

ఆ క్రిస్మస్ ముందర ఇల్లంతా సున్నాలు, పిండివంటలు. తోటేమో ఎండిపోతోంది. చీనీ చెట్లకు పూత బాగా రావాలని ముందు కొన్నాళ్లు నీళ్లు ఆపేస్తారు, దాన్నే బెట్టకు వదలడం అంటారని నాకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నారేమో! అన్నేళ్లూ ఇంటి పనిలోనే ఉండి నేను తోట వైపు పెద్దగా పోయిందీ లేదు. అత్త జమ్మలమడుగులో స్త్రీల కూడికకని రెండు రోజులు వెళ్లింది. నేను పుణ్యం కట్టుకుందామని మోటరు వేసి, పాదులన్నీ నింపేసి, మెప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మా ఆయన చూసి తల పట్టుకున్నాడు. "ఏందే నువ్వు చేసింది? ఇంగ పూత యాడొస్తాది?" అన్నాడు. అత్త వచ్చి తడి పాదుల దగ్గర కాసేపు నిలబడింది. "పోనీలే, కడుపునిండా తాగినాయి" అని కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే ఎంతో హాయిగా ఉండేది. ఆ ఏడు చెట్లు చిగుళ్లేసి పచ్చగా నవ్వాయి గానీ, కాయ కాసింది ఎక్కడో ఒకటీ అరా.

మరుసటి చలికాలం బెట్ట మొదలు కాగానే అత్త రోజూ పొద్దున్నే నన్ను వెంట తీసుకుపోయేది. ప్రతి చెట్టు దగ్గరా ఆగడం, ఆకును వేళ్ల మధ్య నలిపి చూడడం, పాదులో మట్టి తవ్వి చూడడం. ఒకరోజు నాకు ఓపిక చచ్చిపోయి, "ఇంగా ఎన్నాళ్లత్తా? చూడలేకుండా ఉండా" అన్నాను.

ఆమె ఆగింది. "నీకొక్కదానికే కడుపు తరుక్కుపోతాదా? నీళ్లు ఆపిన దానికి నాకు బాధ లేదనుకుంటాండావా? మరి దినామూ ఈడికొచ్చి ఆకాకూ ఎందుకు చూసుకుంటాండా? చావనిస్తానా మ్మే, నా చెట్లను?"

ఆమె చెప్పింది చెట్ల గురించే. నేను మాత్రం ఆ పాదు గట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను. ఆమెకు అర్థమైందో ఏమో, నా తల మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఆ పొద్దు నేను చేసిన ప్రార్థనలో మొదటిసారి గడువు లేదు.

నీళ్లు వదిలిన కొన్నాళ్లకు తోట తెల్లగా పూసింది. నా సంగతి అంత తొందరగా తేలలేదు. మా పాప పుట్టడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ పొద్దున్నే అత్త వెనకాల తోటలో తిరిగాను. ఆమె చిన్నప్పటి కథలు, మామ మీద కోపాలు, మెల్లగా చేసే ఆ ప్రార్థనలు అన్నీ అక్కడే విన్నాను. చంకలో బిడ్డ ఉంటే నాకు ఆ తీరిక ఎక్కడిది? పాపను ఆమే సాకింది. ఆమె పోయి మూడేళ్లయింది. దేవుడు ఆలస్యం చేశాడని నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్న ఏళ్లన్నీ, ఇప్పుడు చూసుకుంటే, ఆయన నాకు మా అత్తను ఇచ్చిన ఏళ్లే.