చేతికర్రతో విన్నాయన

ఆ రోజుల్లో మా ఊరి నాటకాల్లో నేను గిటారు వాయించేవాణ్ణి. హార్మోనియం మోగితే నా గిటారు ఎవరికీ వినపడేది కాదు. చెక్క అదురును పట్టి మైకుసెట్టుకు అందించే మైకు బిళ్ళ బిగించాలంటే గిటారు చెక్కకు రంధ్రం చెయ్యాలన్నాడు మా మైకుసెట్టు ఆయన. ఆ గిటారు అన్నయ్య చనిపోయేముందు నాకిచ్చింది. రంధ్రం పెట్టి స్వరం చెడగొట్టుకోవడం కన్నా, దాన్ని అమ్మి కరెంటు గిటారు కొనడమే మేలని లెక్క తేల్చుకున్నాను. అమ్మడానికే బయలుదేరి, చీరాల స్టేషన్లో పత్తి బేలు మీద కూర్చుని, ఎందుకో మళ్ళీ మొదటినుంచి లెక్క వేస్తున్నాను.

పక్క బేలు మీదున్న పెద్దాయన గట్టిగా, "ఏదీ, వాయించు బాబూ. నాకు చెవుడులే, సిగ్గుపడమాక," అన్నాడు.

వాయించాను. ఆయన తన చేతికర్ర ఒక కొన గిటారుకు ఆనించి, రెండో కొన పళ్ళతో పట్టుకున్నాడు. కర్రను మెల్లగా జరుపుతూ, తీగలు ఆనే చెక్క పట్టీ పక్కన ఆపాడు. ఆయన ముఖం వెలిగింది.

"చెవికి అందనిది పళ్ళగుండా వినపడుతోంది. ఇక్కడైతే గణగణమంటోందయ్యా!"

నేను అమ్మకుండానే వెనక్కి వచ్చేశాను. మైకు బిళ్ళను రంధ్రం చెయ్యకుండా, ఆ పట్టీ పక్కనే మైనంతో అంటించమన్నాను. గిటారు చప్పుడు హాలు చివరిదాకా వెళ్ళింది.

"ఈ చోటు ఎవరు చూపించారండీ?" అన్నాడు మైకుసెట్టు ఆయన.

"ఒక చెవిటాయన," అన్నాను.

ఆయన నమ్మలేదు. ఆ రాత్రి మాత్రం నేను ఏ లెక్కా వెయ్యకుండా నిద్రపోయాను.