మల్గీకి పూసిన పసుపు రంగు

మా నక్షా సాబు పోయారు. ఆబిడ్స్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా పాత ఆఫీసు అటెండరు ఎదురై చెప్పాడు, అప్పటికే పదకొండో రోజు కూడా అయిపోయిందని. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను. కానీ నా సంగతి చెప్పకుండా ఆయన సంగతి రాయడం కుదరడం లేదు.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రమైన కొత్తలో కోస్తా నుంచి వచ్చి, నాంపల్లిలోని నగర ప్రణాళిక ఆఫీసులో ఆయన కింద డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. నగరంలో ఎక్కడ ఇళ్ళుండాలి, ఎక్కడ దుకాణాలుండాలి అన్న నిబంధనలు తిరగరాస్తున్న రోజులవి. మా పని నక్షాల మీద, అంటే వీధుల పటాల మీద, రంగులు వేయడం. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం. నక్షా సాబు గొడుగు వేసుకుని గల్లీ అంతా నడిచి వచ్చాకే కుంచె ముట్టేవారు. రంగు గిన్నెలు తనే కడుక్కునేవారు. "కాయితం మీద ఎవ్వళ్ళు బతకరు బిడ్డా, గాడికి పోయి చూసిరా. తెలువకుంటే అడుగు" అనేవారు.

నేను అడిగే రకమా? మేం కోస్తావాళ్ళం మాట్లాడేదే తెలుగు అనుకునే వయసు. ఆయన "గిట్ల", "గట్ల" అనడాన్ని క్యాంటీన్‌లో అనుకరించి తోటివాళ్ళను నవ్వించేవాణ్ణి. ఒకసారి ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. చాయ్ తీసుకుని వెళ్ళిపోయారు.

ఆబిడ్స్ వెనక ఒక గల్లీ నక్షా నాకిచ్చారు. సర్వే పుస్తకంలో వరసగా "మల్గీ, మల్గీ" అని ఉంది. వీళ్ళ భాషలో చిన్న ఇల్లు కాబోలనుకుని అన్నిటికీ పసుపు పూసేశాను. "గల్లీ చూసినవా?" అని అడిగారు. "చూశానండీ" అన్నాను. ఎండకు బద్ధకించి ఆఫీసు మెట్లే దిగలేదు. నా మాట నమ్మి ఆయన సంతకం పెట్టారు.

కొత్త నిబంధనలు వచ్చాయి. పసుపు పడిన చోట వ్యాపారం కుదరదని ఆ గల్లీవాళ్ళకు నోటీసులు వెళ్ళాయి. మర్నాడే ఒక దర్జీ, మెడలో టేపు కూడా తీయకుండా, నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"మా తాత కూసున్న మల్గీ సాబ్ ఇది. ఇల్లంటరేంది? మిషిన్ ఏడ పెట్టుకోవాలె?"

పై అధికారి నక్షా బల్ల మీద పరిచి, ఇదెవరి పని అని అడిగాడు. నేను తల దించుకుని పెన్సిలు చెక్కుతున్నాను.

"దస్తఖత్ నాది సార్. తప్పు నాదే" అన్నారు నక్షా సాబు.

రావలసిన ప్రమోషన్ ఆయనకు రాలేదు. ఎండలో ఒక్కరే ఆ గల్లీ తిరిగి, నక్షాలో గది గదికీ నీలం వేసి, నోటీసులు రద్దయ్యేదాకా ఊరుకోలేదు. నాతో అన్నది ఇంతే: "మల్గీ అంటే రోడ్డు మొఖాన ఉండే దుకాణం గది. అడిగితే చెప్పకపోదునా?" కోప్పడి ఉంటే బాగుండేది. కొన్నేళ్ళకు ఆ ప్రమోషన్ నాకొచ్చింది. సిగ్గు లేకుండా మిఠాయి పంచాను. ఆయనా ఒకటి తీసుకున్నారు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కూతురు మంచినీళ్ళిచ్చి అడిగింది.

"మీరు గాడనే ఉన్నరు గద సార్. మా నాయిన నిజంగనే గంత తప్పు చేసిండా? అమ్మకు గిదే ఫికర్. నాయినను అడిగితే ఎన్నడు చెప్పకపోయె."

"అవన్నీ పాత సంగతులమ్మా" అన్నాను. ఈ వయసులోనూ తప్పించుకున్నాను.

లేదమ్మా, మీ నాన్న చేయలేదు. నేను చేశాను. మీ ఇంట్లో అనవలసిన మాట పిరికివాడిలా అచ్చులో అంటున్నాను.

నేను చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గల్లీ మలుపులో వెనక్కి తిరిగి చూశాను. ఇంకేదో చెబుతానేమోనని, అలాగే నిలబడి ఉంది.