గాజులకు చుట్టిన నూలు

యుద్ధం రోజుల్లో బెజవాడ వెళ్లే రైల్లో, మంగళగిరి దగ్గర ఎక్కిన నేతపని దంపతులు నా ఎదుట కూర్చున్నారు. ఆవిడ బాగా చిక్కిపోయి ఉంది. చెయ్యి దించితే జారిపోతాయని గాజులకు మగ్గం నూలు చుట్టుకుంది.

ఆవిడ కళ్లు మూసుకోగానే ఆయన నా వైపు వంగాడు.

“చిక్కిపోయావే అని నేనంటే బెంగపెట్టుకుంటదమ్మా. ఆ నూలు చూసి కూడా చూడనట్టే ఉంటన్నా. మీరు ఆడవాళ్లు, అన్నం సరిగ్గా తినమని కాస్త మెల్లగా చెప్పండి.”

సరేనన్నాను గానీ, ఎలా మొదలుపెట్టాలో నాకూ తెలియలేదు.

కృష్ణా కెనాల్ స్టేషన్లో ఆయన మంచినీళ్లకు దిగాడు. ఆవిడ కళ్లు తెరిచింది. నిద్రపోలేదు.

“తినక కాదమ్మా, తిన్నది కడుపులో నిలవట్లేదు. అది తెలిస్తే ఆయన ముద్ద ముట్టరు. నేను విన్నానని మాత్రం అనకండి.”

ఊడిపోతున్న నూలు చూపించి చెయ్యి నా ముందు చాపింది. “ఒంటిచేత్తో ముడి పడట్లేదు, కాస్త బిగించండి.”

బిగించాను.

ఆయన చెంబుతో తిరిగొచ్చి, చెప్పారా అన్నట్టు కళ్లెగరేశాడు. నేను తలూపాను. ఆ ముఖం ఎంత వెలిగిపోయిందో! గబగబా మూట విప్పి, పెరుగన్నం కలిపి ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ నా వైపు చూడలేదు. ఒక్కొక్క ముద్దా నోట్లో పెట్టుకుని మింగుతూ, ఆయనను చూసి నవ్వుతోంది. కృష్ణ వంతెన దాటేదాకా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.