సూదులు తీసేదాకా ఒక లెక్క

మా అక్కకు కిడ్నీలు పనిచేయడం మానేశాక, వారానికి మూడు రోజులు ఆమెను పెద్దాపురం నుంచి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నా మీద పడింది. అక్క పెళ్ళి చేసుకోలేదు. మిషనరీ స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో క్లర్కుని. మూడు రోజులు ఆసుపత్రి, మూడు రోజులు కాలేజీ, ఆదివారం చర్చి. ఆ రోజులను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది నా మడమల నొప్పి. మేం వెళ్ళే ఏడీబీ రోడ్డు పనులు జరుగుతుండేవి. బస్సు రంగంపేట దాటేసరికే సగం ప్రాణం పోయేది. అక్కకు సీటు దొరికితే నాక్కూడా కూర్చున్నంత హాయిగా ఉండేది.

డయాలసిస్ అంటే నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం. ఎడమ చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. ఒక గొట్టంలోంచి రక్తం మెషీన్‌లోకి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ఆ చెయ్యి కదపకూడదు. ఒక్క చేత్తో పుస్తకం పట్టుకుంటే కాసేపటికే జారిపోయేది. గోడ మీద టీవీలో వచ్చే సీరియళ్ళంటే అక్కకు ఒళ్ళు మంట. మొదటి నెలంతా కప్పు వైపు చూస్తూ పడుకుంది. నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడేదాన్ని.

ఒకరోజు ఉన్నట్టుండి, "ఏమే, ఏదన్నా లెక్క చెప్పు" అంది.

"లెక్కేంటక్కా?"

"తలలో చేసుకునేది. ఊరికే కూడికలూ తీసివేతలూ కాదు. కాస్త చిక్కుండాలి."

నాకు నీరసం వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆమె లెక్కలంటే నాకు భయం. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. టీచర్ ట్రైనింగ్ చేస్తున్న రోజుల్లో తన పాఠాలన్నీ నా మీదే ప్రయోగించేది. ఆదివారం చర్చి నుంచి నడిచొచ్చేటప్పుడు ఒక చిక్కు లెక్క అడిగేది. ఇంటి గేటు దగ్గరికి వచ్చేలోగా జవాబు చెప్పాలి. నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె కోప్పడేది కాదు. జవాబు తనే చెప్పి, దాని అందానికి తనే మురిసిపోయేది. అదే నాకు ఇంకా ఉక్రోషంగా ఉండేది.

అడిగింది కాబట్టి ఫోన్‌లో వెతికాను. మొదట దొరికింది కప్ప లెక్క. పది అడుగుల నుయ్యి. అడుగున ఒక కప్ప. పగలు మూడడుగులు పైకెక్కుతుంది, రాత్రి రెండడుగులు కిందికి జారుతుంది. ఎన్నో రోజున బయటపడుతుంది?

"ఎనిమిదో రోజు" అంది అక్క, నేను ఫోన్ దించకముందే. "రోజుకి అడుగు చొప్పున పది రోజులని నువ్వనుకుంటావు. ఏడు రోజులకి ఏడడుగులు. ఎనిమిదో రోజు పగలు మూడడుగులూ ఎక్కి గట్టు మీదికి వచ్చేస్తుంది. వచ్చేశాక ఇంకెక్కడ జారుతుంది?"

పక్క మంచం మీంచి ఒక గొంతు వినిపించింది. "కప్పకి నూతిలో ఏం తక్కువైందండీ, బయటికెళ్ళడానికి?"

ఆమె సముద్రం వైపు ఊరి మనిషి. రేవులో చేపలు కొని బజార్లలో అమ్మి పిల్లలను పెంచింది. జబ్బు చేశాక రాజమండ్రిలో కూతురి దగ్గర ఉంటోంది. మాతోపాటే, అవే రోజుల్లో, అదే వేళకి వచ్చేది. అన్నాళ్ళూ ఆమెతో మేం మాట్లాడలేదు. అక్క ఆమె వైపు తల తిప్పి నవ్వింది. ఆ వార్డులో అక్క నవ్వడం అదే మొదలు.

"బానే అడిగారు. నలభయ్యేళ్ళు పాఠం చెప్పాను, ఒక్క పిల్లాడూ ఆ మాట అడగలేదు."

"ఆయ్. మరి గట్టెక్కాక ఏమైపోయిందండి?"

"లెక్క అక్కడితో అయిపోతుందమ్మా."

"అయిపోతే ఎలాగండీ!" అని ఆమె నిజంగానే నొచ్చుకుంది.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. నేను ఫోన్ చూసి లెక్క చదవడం, అక్క కళ్ళు మూసుకుని చేయడం, ఆమె ఆ లెక్కలో మనుషుల బాగోగులు అడగడం. ఆమె వాటిని లెక్కలనేది కాదు, కథలనేది. ఒక పని ఇద్దరు కలిసి చేస్తే ఇన్ని రోజులని చదివితే, "వాళ్ళిద్దరికీ పడదేమో, కనుక్కోండి" అనేది. సూదులు గుచ్చే టెక్నీషియన్ కూడా అటూ ఇటూ తిరుగుతూ ఒక చెవి ఇటు వేసేవాడు. నేను మాత్రం జవాబులు విన్నాను తప్ప ఒక్కటీ చేయలేదు. ఆలోచించేంత ఓపిక కూడా లేదు. అక్క మొహంలో వెలుగు కనిపిస్తే చాలు, నా కునుకు నేను తీయొచ్చు అనుకునేదాన్ని.

ఎండాకాలం వచ్చింది. నీళ్ళు కొలిచి తాగాల్సిన అక్కకు అది నరకం. ఒకరోజు బీపీ బాగా పడిపోయింది. సెలైన్ ఎక్కించి తేరుకున్నాక, "లెక్క చెప్పు" అంది. నాకు పుచ్చకాయల లెక్క కనబడింది. వంద కిలోల పుచ్చకాయలు. వాటి బరువులో నూటికి తొంభై తొమ్మిది వంతులు నీళ్ళే. ఎండకి కొంత నీరు ఆవిరైపోయి, తొంభై ఎనిమిది వంతులకు తగ్గింది. ఇప్పుడు వాటి బరువెంత?

అది అక్కకు ఎంతో ఇష్టమైన లెక్క. ప్రతి ఏడూ పిల్లలను ఆటపట్టించేదట. కళ్ళు మూసుకుంది. చాలాసేపు పెదాలు కదిలాయి.

"తొంభై తొమ్మిది కిలోలు" అంది.

ఫోన్‌లో జవాబు యాభై అని ఉంది. నీళ్ళు కానిది ఒక్క కిలోయే, అది నూటికి రెండు వంతులు కావాలంటే మొత్తం యాభయ్యే ఉండాలట. నా మొహం చూసి అక్కకు తెలిసిపోయింది. పక్క మంచం ఆవిడ ఏ పాపం ఎరగని మనిషి, సంబరంగా, "అయితే టీచర్ గారికీ తప్పుతుందన్నమాట!" అంది. అక్క మొహం అటు తిప్పేసుకుంది.

ఆ మరుసటిసారి లెక్క చదవబోతే, "వద్దులే" అంది. దాని తర్వాతా అంతే. మళ్ళీ కప్పు వైపు చూస్తూ పడుకోవడం మొదలుపెట్టింది. ధ్యాస నిలవడం లేదని నాతో చెప్పలేదు గాని, ఇంట్లో పాలపొడి డబ్బా ఎక్కడ పెట్టిందో గుర్తురాక వంటింట్లో నిలబడి ఏడవడం ఒకసారి చూశాను. చూసి వెనక్కి వచ్చేశాను. వెళ్ళి ఓదార్చాలంటే దానికీ ఓపిక కావాలి కదా. ఆ రోజు నాలో అది లేదు.

కొన్నాళ్ళు పోయాక చేపలావిడే కదిలించింది.

"కథలు మానేశారేంటండీ? పొద్దు పోవట్లేదు నాకు."

"నా బుర్ర పాడైపోయిందమ్మా" అంది అక్క.

"బుర్రదేముందండీ, నాదెప్పుడు బాగుంది? చెల్లెమ్మ గారున్నారు కదా, ఆవిణ్ణి చెయ్యమనండి. మీరు తప్పులు పట్టండి. టీచర్లకి అదేగా పని."

అక్క నా వైపు చూసింది. నేను తప్పించుకోవడానికి కారణం వెతుక్కుంటుండగానే, "రోడ్డు లెక్క ఒకటుంది" అంది. "పెద్దాపురం నుంచి రాజమండ్రికి బస్సు గంటకి ముప్పై కిలోమీటర్ల చొప్పున వచ్చింది. రానూపోనూ కలిపి సగటున గంటకి అరవై రావాలంటే, తిరిగి వెళ్ళేటప్పుడు ఎంత వేగంగా వెళ్ళాలి?"

"తొంభై" అన్నాను. ముప్పై, తొంభై కలిపి సగం చేస్తే అరవై.

"కాదు. సూదులు తీసేదాకా టైముంది. ఆలోచించు."

సూదులు తీసేదాకా రాలేదు. తిరుగు బస్సులో అక్క నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. రాజానగరం దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డంగా ఉందన్నారు. చెయ్యడానికి ఇంకేమీ లేక ఆ లెక్కే పట్టుకున్నాను. దూరం అరవై కిలోమీటర్లు అనుకున్నాను, సులువుగా ఉంటుందని. ముప్పై చొప్పున రావడానికి రెండు గంటలు. రానూపోనూ నూట ఇరవై. సగటు అరవై అంటే మొత్తం ప్రయాణం రెండు గంటల్లో అయిపోవాలి. కానీ ఆ రెండు గంటలూ వచ్చేటప్పుడే అయిపోయాయి. తిరిగి వెళ్ళడానికి ఒక్క నిమిషం కూడా మిగల్లేదు. ఎంత వేగంగా వెళ్ళినా కుదరదు.

మళ్ళీ మొదట్నుంచి చేశాను. అదే వచ్చింది. యాభై దాటాక, జీవితంలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా ఒక చిక్కు లెక్క విప్పాను. గట్టిగా అరవాలనిపించింది. భుజం కదిపితే అక్క లేస్తుందని అలాగే బిగదీసుకుని కూర్చున్నాను.

ఆ మరుసటిసారి సూదులు గుచ్చగానే చెప్పాను. "కుదరదక్కా."

"జవాబు సరే. ఎలా వచ్చిందో చెప్పు."

చెప్పాను. మధ్యలో ఒకచోట తడబడితే ఆపి, మళ్ళీ చెప్పించింది. అంతా విన్నాక కళ్ళు తెరిచి, "దూరం అరవయ్యే ఎందుకనుకున్నావు? నలభై అయితే?" అంది. అప్పటికప్పుడు చేసి చూపించాను. ఎంత దూరమైనా అంతే. అక్క గడ్డం కిందికి దించి, "ఊఁ" అంది. అది ఆమె మెచ్చుకోలు. బడిలో పిల్లలకు కూడా అంతకంటే దక్కేది కాదని విన్నాను.

చేపలావిడ మాత్రం ఒప్పుకోలేదు. "అలా కుదరదనేత్తే ఎలాగండీ. ఆ బస్సులోవాళ్ళు ఇంటికెళ్ళాలా వద్దా?"

"వెళ్తారమ్మా. నెమ్మదిగా వెళ్తారు" అంది అక్క.

వానలు మొదలయ్యాక చేపలావిడ తన ఊరికి దగ్గర్లోని ఆసుపత్రిలో మెషీన్ ఖాళీ దొరికిందని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అక్క సూదుల్లేని చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. "అక్కడ అందరూ టీవీయే చూత్తారండి, ఒక కథ చెప్పండి" అంటుంది. అక్కకు మాట్లాడే ఓపిక లేకపోతే నేనే ఒకటి చదువుతాను. ఆమె మంచంలో ఇప్పుడు ఒక కుర్రాడు పడుకుంటున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటాడు. అక్క అతణ్ణి పలకరించలేదు.

ఇప్పుడు లెక్కలు నేను చేస్తున్నాను, అక్క వింటోంది. కొన్ని రోజులు తప్పులు పడుతుంది. కొన్ని రోజులు నా తప్పు ఆమెకు అందదు. అలాంటప్పుడు నేనే మళ్ళీ మొదట్నుంచి చేసుకుంటాను. నా అలసట ఏమీ తగ్గలేదు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది. కానీ ఆ నాలుగు గంటలు ఎలా గడపాలా అన్న దిగులు పోయింది.

మొన్న తిరుగు బస్సులో అక్క తనే ఒక లెక్క మొదలుపెట్టింది, ఎన్నాళ్ళకో. ఒక రేవులో రెండు పడవలట. ఒకటి తెల్లారగానే అవతలి ఒడ్డుకి బయల్దేరింది. రెండోది కాస్త ఆలస్యంగా, కానీ దానికంటే వేగంగా. ఆ వేగం ఎంతో చెప్పి, నది వెడల్పు ఎంతో చెప్పి, ఆగింది. ప్రశ్న కోసం ఎదురుచూశాను. అక్క నిద్రపోయింది. ఏం కనుక్కోవాలో తెలియకుండానే, పెద్దాపురం వచ్చేదాకా, ఆ రెండు పడవలతో ఏమేం కనుక్కోవచ్చో ఒక్కొక్కటే కనుక్కుంటూ కూర్చున్నాను. స్టాండులో బస్సు ఆగాక లేపి, కింది మెట్టు ఎత్తుగా ఉందని, చెయ్యి పట్టుకుని దింపాను.